అపార్ట్‌మెంట్ కమిటీ పెద్దలకు, ముసలి కుక్కల తరఫున

హైదరాబాద్‌లోని అపార్ట్‌మెంట్, గేటెడ్ కమ్యూనిటీ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు నమస్కారం.

నేనూ మీలాంటి ఒక సంఘంలో రెండేళ్ళు కోశాధికారిగా చేశాను. లిఫ్ట్ ఆగినా మీరే, ట్యాంకర్ రాకపోయినా మీరే, పై ఫ్లోరు బాత్రూం నీళ్ళు కింది ఫ్లోరు సీలింగ్‌లోకి దిగినా మీరే. జీతం ఉండదు, మాటలు మాత్రం నెలనెలా పడతాయి. అలాంటి మీకు కుక్కల గురించి ఇంకో ఉత్తరమా అని విసుగు రావడం సహజం. ఇది వీధికుక్కల గొడవ కాదు. ఇళ్ళలో పెరిగి, ముసలివయ్యాక వీధిలో పడుతున్న కుక్కల సంగతి. వీధిలో పడటానికీ మళ్ళీ ఒక ఇల్లు చేరడానికీ మధ్య మీ గేటు ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

పోయిన చలికాలం నిజాంపేట రోడ్డులో ఒక టీకొట్టు దగ్గర లాబ్రడార్ ఒకటి కనిపించింది. మూతంతా తెల్లబడింది. టీ తాగడానికి వచ్చిన ప్రతి మనిషి ముందూ కూర్చుని కుడికాలు ఎత్తి షేక్‌హ్యాండ్ ఇస్తోంది. వాళ్ళు నవ్వి, ఫొటో తీసుకుని, బిస్కెట్ పడేసి వెళ్తున్నారు. కాలు ఎత్తితే తినడానికి ఏదో దొరుకుతుందని చిన్నప్పుడు దానికి ఎవరో నేర్పారు. ఆ నేర్పిన పిల్లాడు ఇప్పుడు ఏ బీటెక్ థర్డ్ ఇయర్‌లోనో ఉండి ఉంటాడు. ఆ కుక్కకి మాత్రం బతకడానికి తెలిసిన విద్య అదొక్కటే. వీధికుక్కలతో పోట్లాడటం రాదు, చెత్తకుండీ వెతకడం రాదు, రోడ్డు దాటడం రాదు.

ఇంట్లో పెరిగిన కుక్కని వీధిలో గుర్తుపట్టడం మాకు ఇప్పుడు కష్టం కాదు. మెడ చుట్టూ బెల్టు ఒరిసి వెంట్రుకలు పోయిన గీత ఉంటుంది. నున్నటి టైల్స్ మీదే నడిచింది కాబట్టి గోళ్ళు అరక్క పెరిగి వంకర తిరిగి ఉంటాయి. తెల్ల కారు ఆగితే పరిగెత్తి డోరు దగ్గరకి వెళ్ళి, దిగిన మనిషిని వాసన చూసి, తిరిగి వచ్చి పడుకుంటుంది. ఇంకో గుర్తు ఉంది, చెబితే నవ్వుతారు. తెలుగిళ్ళలో కుక్కలతో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఇంట్లో మామ్మగారు కూడా దాన్ని ‘సిట్’ అనే అంటుంది. అందుకని అనుమానం వస్తే ముందు ఇంగ్లీషులో పిలిచి చూస్తాం. చెవులు నిక్కబొడుచుకుంటే ఇంటిదే. తిండి దగ్గర మాత్రం పూర్తిగా తెలుగుదే, పెరుగన్నం పెడితే గిన్నె నాకి మెరిపిస్తుంది.

మేం పద్నాలుగు మందిమి. మాకు బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక లెక్కల పుస్తకం, ఒక పాత వ్యాగనార్ ఉన్నాయి. మాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయిలు ముగ్గురు, మందుల షాపు ఆయన ఒకరు, ట్యూషన్లు చెప్పే టీచరు ఒకావిడ, రాత్రి పదకొండింటికి పిలిచినా వచ్చే ఆటో అన్న ఒకాయన. నేను రిటైరైన ప్రభుత్వోద్యోగిని. కుక్క దొరికితే డాక్టరుకి చూపించి, రక్తపరీక్ష చేయించి, టీకా వేయించి, కొన్నాళ్ళు ఎవరో ఒకరి ఇంట్లో ఉంచి, తర్వాత శాశ్వతంగా ఉండే ఇల్లు వెతకడం మా పని. ఆ కొన్నాళ్ళ ఇంటిని ఫోస్టర్ అంటాం. ఈ గొలుసులో ఎప్పుడూ తెగేది అక్కడే.

కుక్కని ఎందుకు వదిలేస్తారు? రాక్షసులై కాదు. మాకు ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది ఏడుస్తూనే మాట్లాడతారు. కూతురి పురిటికి ఆర్నెల్లు అమెరికా వెళ్తున్నామంటారు. కోడలు నీళ్ళోసుకుంది, కుక్క వెంట్రుకలు పడవని డాక్టరు చెప్పిందంటారు (ఏ డాక్టరని అడిగితే సాధారణంగా పక్కింటావిడ అవుతుంది). 2020 లాక్‌డౌన్‌లో పిల్లలు మారాం చేస్తే కొన్నాం, ఇప్పుడు అందరూ ఆఫీసులకి పోతున్నాం అనేవాళ్ళు ఇంకొందరు. యజమాని పోతే, అస్తికలు కలిపి వచ్చిన కొడుకు మూడోరోజున ఫోన్ చేస్తాడు, ‘నాన్నగారి కుక్క ఉందండీ, ఏం చేయమంటారు?’ అని.

వీటన్నిటికంటే ఎక్కువగా మన ఊళ్ళో ఇంకో కారణం వింటున్నాం: ‘ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశామండీ’. రెండువందల గజాల్లో పాత ఇల్లు, ముందు జామచెట్టు, దాని కింద కుక్క. ఇల్లు కూలుస్తారు. బిల్డరు ఇల్లు కట్టి ఇచ్చేదాకా కుటుంబం అద్దె ఫ్లాట్‌కి మారుతుంది. ఆ అపార్ట్‌మెంట్‌లో కుక్కలకి పర్మిషన్ లేదంటారు. ‘సైట్ దగ్గర వాచ్‌మన్ అన్నం పెడతాడులే, రెండేళ్ళేగా’ అనుకుంటారు. పదేళ్ళ కుక్కకి రెండేళ్ళంటే దాదాపు మిగిలిన ఆయుష్షంతా. లాబ్రడార్ సాధారణంగా పది పన్నెండేళ్ళు బతుకుతుంది, పమేరియన్ పన్నెండు దాటి పదహారు దాకా. జామచెట్టు కొట్టేశాక ఇసుక కుప్ప మీద పడుకుని, సైట్ ముందు ఆగే ప్రతి స్కూటర్‌కీ లేచి తోక ఊపే కుక్కల్ని ఒక్క మల్కాజ్‌గిరిలోనే ఎన్నో చూశాను.

‘షెల్టర్లు ఉన్నాయి కదా’ అని మీటింగుల్లో అడుగుతారు. ఉన్నాయి. జంతువుల్ని కాపాడే సంస్థలే తీసుకుంటే, హైదరాబాద్ బ్లూ క్రాస్ 1992 నుంచి పనిచేస్తోంది, విశాఖపట్నంలో వీఎస్‌పీసీఏ 1996 నుంచి. వాళ్ళ చేతుల మీద బతికిన ప్రాణాలకి లెక్కలేదు. కానీ షెల్టరంటే ప్రధానంగా దెబ్బ తగిలినవాటికి ఆసుపత్రి. పదేళ్ళు సోఫా పక్కన పడుకున్న కుక్కని సిమెంట్ గచ్చు మీద, వంద కుక్కల అరుపుల మధ్య పెడితే ముందు తిండి మానేస్తుంది. తర్వాత కీళ్ళు పట్టేస్తాయి. అదీకాక 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధికుక్కల్ని షెల్టర్లకి తరలించమంది, తిరిగి అక్కడే వదలకూడదంది. ఇకమీదట షెల్టర్లలో ముసలి ఇంటికుక్కకి మంచం వేసే తీరిక ఎవరికి ఉంటుంది? ప్రైవేటు బోర్డింగ్‌లో పెడదామంటే రోజుకి ఐదారువందలు. మా లెక్కల పుస్తకం అది మోయలేదు.

ముసలి కుక్కకి కావలసింది చాలా కొంచెం. జారని ఒక చాప, రెండు పూటలా మెత్తటి తిండి, పొద్దునా సాయంత్రం నెమ్మదిగా పది నిమిషాల నడక, చూపు ఆనే దూరంలో ఒక మనిషి. రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. చెప్పులు కొరకదు, సోఫా చింపదు, ఎక్కడ పోసుకోవాలో దానికి ముందే తెలుసు. మీకొచ్చే కుక్కల ఫిర్యాదులు ఒకసారి తిరగేయండి. చాలావరకు ఏడాది లోపు పిల్లల గురించీ, పొద్దున్నుంచి రాత్రిదాకా ఒంటరిగా తాళంలో ఉండి మొరిగే కుక్కల గురించీ ఉంటాయి. పదేళ్ళది కారిడార్లో పరుగులు పెట్టిందన్న ఫిర్యాదు నేను కోశాధికారిగా ఉన్న రెండేళ్ళలో ఒక్కటీ రాలేదు.

ఇంకో సంగతి. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డ అరవై ఐదేళ్ళ దంపతులు కుక్కపిల్ల కావాలని మమ్మల్ని అడుగుతుంటారు. మేం వద్దంటాం. కుక్కపిల్ల అంటే పదమూడేళ్ళ బాధ్యత, మీకు డెబ్బై ఎనిమిది వచ్చాక దాన్ని ఎవరు చూస్తారని అడుగుతాం. మొహం మీద అడగడం మొరటుగానే ఉంటుంది గానీ అడుగుతాం. తొమ్మిదేళ్ళ కుక్కని చూపిస్తాం. మొదట మొహం చిట్లిస్తారు, ‘పోతే తట్టుకోలేమమ్మా’ అంటారు. వారం ఉంచుకుని చూడమంటాం. వారం తర్వాత తిరిగి ఇచ్చినవాళ్ళు ఉన్నారు, అబద్ధం ఎందుకు. ఇవ్వనివాళ్ళే ఎక్కువ. ఆ ఇళ్ళలో పొద్దున్నే ఇద్దరూ మళ్ళీ నడక మొదలెడతారు. కుక్క మెల్లగా నడుస్తుంది, ఆయన మోకాళ్ళకీ అదే వేగం సరిపోతుంది.

ఇంతా చేసి, ఆ ఇద్దరూ సరే అన్నాక, కథ మీ ఆఫీసు గదికి వస్తుంది.

మొదట్లో చెప్పిన ఆ షేక్‌హ్యాండ్ లాబ్రడార్‌కి ఒక పెద్దాయన ఇల్లు దొరికింది. భార్య పోయి ఏడాది అయింది. కుక్క పరుపు కొన్నారు, స్టీలు గిన్నెలు కొన్నారు. కమిటీకి చెబితే జనరల్ బాడీలో పెట్టాలన్నారు. జనరల్ బాడీకి రెండు నెలలుంది. అప్పటిదాకా వాచ్‌మన్ గదిలో ఉంచుతామని అడిగాం, వాచ్‌మన్ భార్య సంతోషంగా ఒప్పుకుంది కూడా. మూడో రోజున వాచ్‌మన్‌ని పిలిచి, కుక్క కావాలో ఉద్యోగం కావాలో తేల్చుకోమన్నారు. అతను కళ్ళు దించుకుని కుక్క తాడు నా చేతికి ఇచ్చాడు. దాని గుండె అప్పటికే బలహీనంగా ఉంది. జనరల్ బాడీ దాకా అది ఆగలేదు. ఆ కమిటీ పేరు నేను చెప్పను, వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. అందులో ఒకాయన తర్వాత మాకు మందులకి డబ్బు పంపాడు. వాళ్ళకి ఒక నిబంధన ఉంది, దాన్ని పక్కనపెట్టే దారి ఎవరికీ తెలియలేదు, అంతే.

చట్టం ఏమంటుందో మీలో చాలామందికి తెలుసు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం సభ్యుల్లో మెజారిటీ ఒప్పుకున్నా పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘాలకి లేదు. పెద్దజాతి, చిన్నజాతి అని తేడా చూపకూడదు. లిఫ్ట్ వాడొద్దనకూడదు. కుక్క మలాన్ని యజమానే తీయాలన్న సూచన కూడా అందులోనే ఉంది. ఇక కుక్కని వదిలేసినవాళ్ళకి శిక్షంటారా, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో అది నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయలకి తగ్గకుండా, యాభైకి మించకుండా. మాదాపూర్‌లో ఆ యాభైకి కాఫీ కూడా రాదు.

2015 కాగితం పట్టుకుని మేం ఒక సంఘం మీద పోట్లాడాం, గెలిచాం కూడా. కుక్క లోపలికి వెళ్ళింది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ కుటుంబమే ఫ్లాట్ ఖాళీ చేసింది. లిఫ్ట్‌లో వాళ్ళు ఎక్కితే మిగతావాళ్ళు దిగిపోయేవారట. వినాయక చవితి చందాకి కూడా వాళ్ళ తలుపు కొట్టలేదట. సెక్షన్లు చదివి గేటు తెరిపించవచ్చు గానీ పక్కింటివాళ్ళ చేత పలకరింపు చెప్పించలేం. అందుకే ఇది నోటీసుగా కాకుండా ఉత్తరంగా రాస్తున్నాను.

మా వైపు తప్పులూ ఉన్నాయి. మాలో కొందరం మనుషుల మీద విసుగుతో కుక్కల్ని ప్రేమిస్తాం, అది మాటలో తెలిసిపోతుంది. భయపడే తల్లిని ‘మీకు జాలి లేదా’ అని అడిగినవాళ్ళం ఉన్నాం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక చిన్న పిల్లవాణ్ణి చంపేశాయి. ఆ వీడియో చూసిన తల్లికి తన బిడ్డ ఉన్న లిఫ్ట్‌లోకి ఏ కుక్క వచ్చినా గుండె ఆగినంత పనవుతుంది. ఆమె దగ్గరకి వెళ్ళి ‘మాది కరవదండీ’ అనడం ఎంత తెలివితక్కువో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇంకొకరి కారు పక్కన అన్నం కుప్ప పోసి వెళ్ళినవాళ్ళం మేమే. ఓపికకి మించి పదిహేను కుక్కల్ని ఇంట్లో పెట్టుకుని, చివరికి తనూ కుక్కలూ జబ్బుపడ్డ మనిషి కూడా మా గ్రూపులోనే ఉండేది.

ముసలి కుక్క కరవదని కూడా నేను రాయను. నడుం నొప్పి ఉన్నదాన్ని వెనక నుంచి పట్టుకుంటే, చూపు తగ్గినదాన్ని నిద్రలో తట్టి లేపితే పళ్ళు చూపిస్తుంది. అందుకే అలాంటివాటిని చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వం. మీ గేటు లోపలికి మేం తెచ్చే ప్రతి కుక్కకీ రేబీస్ టీకా కాగితం ఉంటుంది, ఏడాదికోసారి మళ్ళీ వేయించే పూచీ మాది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఉంటుంది. ఆడకుక్కల్లో అది చేయించకపోతే పెద్ద వయసులో గర్భసంచికి చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందని చాలామందికి తెలియదు. మెట్ల మీదా లిఫ్ట్‌లోనూ పొట్టి తాడుతోనే నడిపిస్తారు. జబ్బు ఉంటే దాచం. కుదరకపోతే ఏ రోజైనా, ఏ వేళైనా మేమే వెనక్కి తీసుకెళ్తాం. మీ గేటు బయట వదలమని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాదు.

మేం అడిగేది మీ బైలాస్ మార్చమని కాదు, అదంతా పెద్ద తతంగం. పదిహేను రోజుల నుంచి నెల వరకు ఒక ఫ్లాట్‌లో ఫోస్టర్‌గా కుక్కని ఉంచడానికి జనరల్ బాడీ దాకా పోకుండా కార్యదర్శి సంతకంతో అనుమతి ఇవ్వండి. చుట్టాలు నెలరోజులుంటే ఓటింగ్ పెట్టరు కదా. ఆ నెలలో ఒక్క ఫిర్యాదు వచ్చినా మమ్మల్ని పిలవండి. ఫోస్టర్‌గా ఉంచుకున్న వాచ్‌మన్ కుటుంబాన్ని మాత్రం ఏమీ అనకండి. నిజం చెప్పాలంటే మాకు దొరికిన మంచి ఫోస్టర్లలో ఎక్కువమంది సెల్లార్‌లో పన్నెండడుగుల గదిలో ఉండేవాళ్ళే.

రెండోది నాకు చాలా ముఖ్యం, మీకు రూపాయి ఖర్చు లేనిది. మాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది నెలాఖరున, ఒకటో తారీఖున. ప్యాకర్స్ లారీ కదిలాక ఫ్లాట్ ముందు కుక్క మిగిలిపోతుంది. లేదా అదే కాలనీలో నాలుగు వీధుల అవతల కట్టేసి ఉంటుంది. ఖాళీ చేసేవాళ్ళు సామాను బయటికి తీసుకెళ్ళాలంటే మీ దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుంటారు, మెయింటెనెన్స్ బకాయి ఉందేమో మీరు చూస్తారు. ఆ ఫారంలో ఇంకొక్క గడి కలపండి: ‘ఇంట్లో పెంపుడు జంతువు ఉందా? ఎక్కడికి వెళ్తోంది?’ జవాబు తప్పుగా రాసినా పర్వాలేదు. అడిగేవాళ్ళు ఒకరున్నారని తెలిస్తే కొందరైనా పదిహేను రోజుల ముందే మాకు ఫోన్ చేస్తారు. పదిహేను రోజులుంటే ముసలి కుక్కకి ఇల్లు వెతకగలం. లారీ కదిలాక దాన్ని వెతకడమే సరిపోతుంది. ఇదే పని ఒక కమిటీ, నేను అడగకుండానే, తమ వాచ్‌మన్‌కి నోటిమాటగా చెప్పింది. ఆ ఏడాది అక్కడ నుంచి మాకు వచ్చిన రెండు ఫోన్లూ ముందుగా వచ్చినవే.

ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్క కథ ఇక్కడ రాయమని మా గ్రూపులో అందరూ పోరారు. రాయను. ఆ కుక్కకి స్వర్గం గేటు దగ్గర ఎన్‌ఓసీ ఎవరిచ్చారని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మా దగ్గర ఒక పమేరియన్ ఉంది. పదకొండేళ్ళు ఉండొచ్చని పళ్ళు చూసి డాక్టరుగారన్నారు. ఎడమకంటికి శుక్లం, వెనకకాళ్ళు కొంచెం బలహీనం, పేరు అడిగితే చెప్పదు కాబట్టి పింకీ అని పెట్టాం. ఆటో అన్న ఇంట్లో ఉంటోంది. వాళ్ళింట్లో పెళ్ళి ఉంది, ఈ నెలాఖరుకి తీసుకెళ్ళక తప్పదు. కూకట్‌పల్లి వైపు మూడో అంతస్తులో రిటైరైన టీచరు దంపతులు చూసి వెళ్ళారు, ఆవిడ అప్పుడే దాని కోసం పాత దుప్పటి ఉతికి ఆరేశారట. వాళ్ళ అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగు వచ్చే ఆదివారం పదకొండు గంటలకని ఆ మాస్టారు చెప్పారు. టీకా పుస్తకం, ఆపరేషన్ కాగితం, మా పూచీ పత్రం, మా ఇద్దరు వాలంటీర్ల ఆధార్ జిరాక్సులు ఫైల్లో పెట్టి పదింటికే కింద సెల్లార్‌లో కూర్చుంటాం. పింకీని తీసుకురాం, భయపడేవాళ్ళు ఉండొచ్చు. చూడాలనుకున్నవాళ్ళు గేటు బయటికి వస్తే ఆటోలో ఉంటుంది.

ఇట్లు,
ఒక వాలంటీరు,
మల్కాజ్‌గిరి.

తా.క.: దాని పరుపు, మందులు, గిన్నెలు మేమే తెస్తాం. పెరుగు ఒక్కటే మాస్టారు చూసుకోవాలి, రోజుకి పావులీటరు దాకా తింటోంది.